వాద్యముపై విద్వాంసుని పేరు

పాశ్చాత్య సంగీతలోకమున 2015వ సంవత్సరమున ఒక చిన్న సంగతి జరిగినది. మార్కస్ మిల్లర్ అను అమెరికను విద్వాంసుడు, ముప్పదియైదేండ్లకు పైబడి తన చేతనుండిన ఫెండర్ కంపెనీ బేస్ గిటారునకు మారుగా, సైర్ అను కొరియా దేశపు కంపెనీవారు తయారుచేసిన వాద్యమును తన పేరు పెట్టి లోకమునకు పరిచయము చేసెను. ఇది వార్తాపత్రికల మొదటి పుటకు ఎక్కవలసిన సంగతి కాదు. అయినను ఆ వాద్యమును వాయించువారిలోను, వాయింపకున్నను చెవికోసుకొని వినువారిలోను ఇది రేపిన వాదము చాలకాలము చల్లారలేదు. కట్టుకొన్న ఇల్లాలిని విడిచినట్లు మాటాడినవారు కొందఱు. విద్య చేతిలోనున్నది గాని చెక్కలో లేదని బదులు చెప్పినవారు కొందఱు. ఇంత మంచి వాద్యము ఇంత చౌకగా దొరకినది, ఇంక జగడమెందుకని కొని తెచ్చుకొని సాధన మొదలుపెట్టినవారు మరికొందఱు.

ధ్వనిని ఇంటింటికి చేర్చుటయే వృత్తిగా గల మాబోటివారికి ఈ తగవు వినోదముగా మాత్రమే తోచదు. ఒక నాదము ఎవరిది? కొట్టిన చేతిదా, మ్రోగిన కఱ్ఱదా, అచ్చువేసిన పేరుదా? సంగతిని మొదటినుండి చూతము.

బేస్ గిటారు నాలుగు లావుపాటి తీగలు గల విద్యుద్వాద్యము. దాని మంద్రపు తీగ సెకనుకు సుమారు 41 కంపనములు చేయును. పాటలో గాయకుని కంఠము, వయొలిన్లు మన చెవిని మొదట పట్టుకొనును గాని, వాని క్రింద నేలవలె పఱచుకొని యుండునది ఇదియే. 1980 ప్రాంతపు చలనచిత్రములలో ఇళయరాజా కూర్చిన పాటలను ఇష్టపడిన తెలుగు శ్రోతలెల్లరు దీనిని వినియే యున్నారు. పేరు తెలియకపోవచ్చును, అంతే.

దీనిని వాడుకలోనికి తెచ్చిన లియో ఫెండర్ మన రేడియో కుటుంబమునకు దగ్గర చుట్టము. ఆయన కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున 1938లో రేడియోలు మరమ్మతు చేయు దుకాణము తెఱచినవాడు. గిటారు వాయించుట ఆయనకు రాదు. వాయించువారు వచ్చి చెప్పుకొను కష్టములను విని, టంకపుకోల చేతబట్టి వానికి మందు వెదకుటయే ఆయన పని. అంతకు పూర్వము బేస్ అనగా మనిషియెత్తు వయొలిన్ వంటి డబుల్ బేస్. దానిని బండిపై వేసికొని ఊరూర తిరుగుట ఒక శిక్ష. మెట్లు లేనందున స్వరస్థానము వ్రేలికి తెలిసియుండవలెను. బ్యాండు బిగ్గరగా మ్రోగినప్పుడు అది వినబడనే వినబడదు. ఫెండర్ 1951లో చేసిన వాద్యమున వీణకువలె మెట్లున్నవి, తీగల క్రింద కంపనములను విద్యుత్తుగా మార్చు పికప్ ఉన్నది. మెట్టుపై వ్రేలుంచిన స్వరము ఖచ్చితముగా పలుకును గనుక ఆంగ్లమున ఖచ్చితమను అర్థమిచ్చు ప్రెసిషన్ అను పేరు పెట్టెను. 1960లో మెడ సన్నగించి, రెండు పికప్పులమర్చి, జాజ్ బేస్ అను రెండవ రకమును వెలువరించెను. మన కథకు సంబంధించినది ఈ రెండవది.

1965లో ఫెండర్ తన కంపెనీని సి.బి.యస్. అను అమెరికను ప్రసార సంస్థకు కోటి ముప్పదిలక్షల డాలర్లకు విక్రయించెను. ఆ తరువాతి ఇరువదేండ్లలో ఆ కర్మాగారమునుండి వచ్చిన వాద్యములు మునుపటివంటివి కావని, బరువు హెచ్చినదని, పని నాణ్యత తగ్గినదని తెలిసినవారు పెదవి విఱచిరి. కొన్నది మా వృత్తివారే గనుక ఈ నిందలో మాకును కొంత వాటా చెందునేమో! సరే, దీనిని గుర్తుంచుకొనుడు. మఱల దీనితో పని పడును.

మార్కస్ మిల్లర్ 1959లో న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ భాగమున జన్మించెను. తండ్రి దేవాలయమున ఆర్గను వాయించువాడు. బాలుడు చిన్ననాటనే అనేక వాద్యములు నేర్చి, ఇరువదేండ్లు నిండునాటికే న్యూయార్కు రికార్డింగు స్టూడియోలలో పిలుపులందుకొనుచుండెను. మైల్స్ డేవిస్ కొన్ని సంవత్సరముల మౌనము తరువాత 1981లో వెలువరించిన ఆల్బమునందు ఈయన బేస్ వినబడును. 1986లో డేవిస్ పేర వచ్చిన "టుటు"లో పెక్కు రచనలు మిల్లర్‌వే. పెక్కు వాద్యములను ఆయనయే వాయించెను. దక్షిణాఫ్రికా మతాచార్యుడు డెస్మండ్ టుటు పేరు పెట్టుకొన్న ఆల్బమది.

ఈ రికార్డులలో మ్రోగినది 1977లో తయారైన జాజ్ బేస్. దానిని మిల్లర్ వాయించు తీరు చూడదగినది. బొటనవ్రేలితో తీగను కొట్టును. చూపుడువ్రేలితో మఱియొక తీగను పైకి లాగి విడుచును. ఈ పద్ధతిని ప్రచారమునకు తెచ్చినవాడు లారీ గ్రాహామ్. ఆయన కాలిఫోర్నియాలో తల్లితో కూడి చిన్న బృందమున వాయించుచుండగా డ్రమ్ము వాయించువాడు లేకపోయెను. ఆ లోటు తీర్చుటకై, పెద్ద డ్రమ్ము దెబ్బకు మారుగా బొటనవ్రేలి పోటును, చిన్న డ్రమ్ము దెబ్బకు మారుగా తీగ లాగుడును పెట్టుకొని, ఒక్క వాద్యముతో రెండు పనులు చేసెను. మృదంగవిద్వాంసుడు రాని నాడు వైణికుడు వీణమీదనే తొప్పియు వలంతలయు వాయించినట్లు ఊహించుకొనవచ్చును. గ్రాహామ్ చేతిలో పుట్టిన ఆ పద్ధతికి మిల్లర్ మెఱుగుపెట్టెను. ఆయన కొట్టిన దెబ్బ లోహమువలె ఖణీలున మ్రోగును, వెంటనే ఆగును. ఆ ఆగుటలోనే ఆయన విద్య చాలవఱకు ఉన్నదని మా అభిప్రాయము.

అయితే ఆ మ్రోత కర్మాగారమునుండి వచ్చిన వాద్యముది మాత్రమే కాదు. న్యూయార్కులో 1979లో దుకాణము తెఱచిన రోజర్ సాడౌస్కీ అను పనివాడు దానిని విప్పి, బ్యాటరీతో పనిచేయు చిన్న ప్రీయాంప్లిఫయరును లోపల అమర్చెను. తీగలకు ఆధారమైన గుఱ్ఱమును తీసి బరువైనదానిని బిగించెను. మంద్రమును తారమును రెండింటిని పెంచుకొను వీలు అట్లు వచ్చినది. లోకము ముచ్చటపడిన ధ్వని ఈ మార్పుల తరువాతిది.

ఇప్పుడు సి.బి.యస్. సంగతిని మఱల తలచుకొనుడు. 1977 నాటి వాద్యమనగా రసికులు పెదవి విఱచిన కాలపు సరకే గదా! ఆనాడు పాతవాద్యముల వ్యాపారి ఎవడైనను, 1965కు ముందుది కొనుమని మిల్లర్‌కు సలహా చెప్పియుండును. ఆయన తన చేతనున్న దానితోనే రికార్డు తరువాత రికార్డు వాయించుచు పోయెను. తుదకు ఆ నిందపడిన కాలపు వాద్యమే ఆదర్శమై కూర్చున్నది. ఫెండర్ కంపెనీ 1998లో మిల్లర్ పేర ఒక నమూనాను వెలువరించినప్పుడు అనుకరించినది ఆ డెబ్బదుల వాద్యమునే. దానిని తయారుచేసినది జపానులో. సైర్ కంపెనీ 2015లో అనుకరించినదియు దానినే. ఇది ఇండోనేషియాలోని కర్మాగారమున తయారగును.

కాబట్టి అభిమానులు కత్తులు నూఱినది రెండు అనుకరణముల విషయమున. అసలుది ఈ రెండింటిలో ఏదియు కాదు. అది మిల్లర్ ఇంటనున్నది.

అట్లని ఆక్షేపించినవారిని మూఢులని త్రోసివేయుట న్యాయము కాదు. వారి వాదమున పస ఉన్నది. ముప్పదియేండ్లు ఒక ధ్వనిని ప్రేమించినవాడు ఆ ధ్వనితోపాటు దాని రూపమును, తలపై వ్రాసిన అక్షరములను కూడ మనసున నిలుపుకొనును. మిల్లర్ చేతిలో ఫెండర్ అను మాటను చూచి, పస్తులుండి డబ్బు కూడబెట్టి అటువంటిది కొనుక్కొన్న యువకుడు, ఒకనాడు గురువుగారే వేఱొక పేరుతో వేదికపై నిలిచినచో తాను మోసపోయితినా యని అనుకొనుట సహజము. పేరు నిన్న ఒకదానికి సాక్ష్యము పలికినది, నేడు మఱియొకదానికి పలుకుచున్నది. ఏ సాక్ష్యము నమ్మవలెను? ఈ ప్రశ్నకు, విద్య చేతిలో ఉన్నది అను జవాబు చాలదు. విద్య చేతిలోనే ఉన్నచో వాద్యముపై పేరెందుకని ఎదురడుగవచ్చును.

రెండవపక్షమువారి బలము వెలలో ఉన్నది. అమెరికాలో తయారైన ఫెండర్ జాజ్ బేస్ వెల వేయి డాలర్లకు మించును. మిల్లర్ పేరిట వచ్చిన సైర్ వాద్యము అందులో సగమునకు లోపుగానే, ఐదువందల డాలర్ల దరిదాపున లభించినది. లోపల ప్రీయాంప్లిఫయరుతో సహా! నాలుగు లావు తీగలపై ఆశ పడిన పేదవాని బిడ్డకు ఈ భేదము వాదములోని అంశము కాదు, ద్వారము తెఱచుటయో మూయుటయో. మిల్లర్ తన పేరును అధికమైన వెలగల వాద్యమునకు అద్దెకిచ్చి సుఖముగా కూర్చుండవచ్చును. తక్కువ వెలదానికి ఇచ్చెను. ఇందు ఆయనకు లాభము లేదని మేమనము. లాభమున్నను ఈ పని మంచిదే.

పేరునకును వాద్యమునకును బెడిసిన కథలు వెనుక కూడ ఉన్నవి. వానిలో ఒకటి చెప్పక తప్పదు. లెస్ పాల్ అను ప్రసిద్ధ గిటారు విద్వాంసుని పేర గిబ్సన్ కంపెనీ 1952లో ఒక గిటారును విడుదల చేసినది. 1961లో కంపెనీవారు దాని ఆకారము మొత్తము మార్చి, పేరు మాత్రము అదే ఉంచిరి. లెస్ పాల్‌కు ఆ క్రొత్త రూపము నచ్చలేదు. కొలది కాలమునకు దానిపై ఆయన పేరు తొలగినది. అక్కడ విద్వాంసుడు కదలలేదు, వాద్యమే ఆయన పేరు క్రింద నుండి కదలిపోయినది. లియో ఫెండర్ కథ ఇంకను చిత్రమైనది. కంపెనీని అమ్మినప్పుడు దానితోపాటు తన ఇంటిపేరును కూడ అమ్ముకొనెను. తరువాత మ్యూజిక్ మ్యాన్ అను పేరను, జి అండ్ ఎల్ అను పేరను గిటార్లు చేయుచు 1991లో కీర్తిశేషుడయ్యెను. వానిపై ఫెండర్ అని వ్రాసికొను హక్కు ఆయనకు లేదు. ఆయన తాకని వాద్యములపై ఆయన పేరు, ఆయన స్వయముగా చేసిన వానిపై వేఱు పేరు!

ఇక వినుట మాట. ఇక్కడ రేడియోవారుగా మేము ఒక సాక్ష్యము చెప్పగలము. మీ ఇంటనున్న చిన్న రేడియో పెట్టెలోని స్పీకరు, సెకనుకు నూఱు కంపనములకు దిగువనున్న ధ్వనిని ఇంచుమించు పలికింపజాలదు. మఱి 41 కంపనముల బేస్ స్వరము మీకెట్లు వినబడుచున్నది? తీగ మూలస్వరముతోపాటు 82, 123, 164 ఇట్లు వరుసగా అనుస్వరములను కూడ పలుకును. స్పీకరు మూలస్వరమును జాఱవిడిచినను, అనుస్వరముల నడుమనున్న సమమైన ఎడమును బట్టి మీ చెవియే ఆ మూలస్వరమును కల్పించుకొనును. స్టూడియోలోని పెద్ద స్పీకరు ముందు కూర్చుండినవారు గుండెలలో తాకినట్లు విను మంద్రము, ఇంటిలో సగము మీరు అల్లుకొన్నదే!

ఇది తెలిసినపిదప, ఏ చెట్టు కఱ్ఱ మంచిది, ఏ దేశపు కర్మాగారము మంచిది అను తగవును మేము కొంచెము చిఱునవ్వుతో వినుచుందుము. కఱ్ఱవలన భేదము లేదని మా మాట కాదు. వాద్యమును ఒడిలో పెట్టుకొన్నవానికి ఆ భేదము తెలియును, పట్టుకొన్న చేతికి ధైర్యమో అధైర్యమో కలుగును. కాని చిన్న పెట్టెనుండి మీ వంటింటి వఱకు చేరునది ముఖ్యముగా దెబ్బ పదును, రెండు దెబ్బల నడుమ విరామము, స్వరమును ఎప్పుడు ఆపెనను లెక్క. వీనిలో కొంత పికప్పుల స్థానమునకును, ప్రీయాంప్లిఫయరునకును చెందును. జాజ్ బేస్ డెబ్బదుల నమూనాలలో వెనుకటి పికప్ గుఱ్ఱమునకు మఱికొంచెము చేరువగా జరుగుటచే ధ్వని పదునెక్కినది. సైర్‌వారు కూడ దీనిని పాటించిరి. మిగిలినదంతయు చేతిది. 2015కు ముందు మిల్లర్ వాయించినది ఒకటి, తరువాతది ఒకటి పేర్లు చెప్పక వినిపించినచో, ఇది మిల్లర్ అని గుర్తించువారు పలువురుందురు. ఇది ఫెండర్, ఇది సైర్ అని తప్పక చెప్పగలవారు ఎందఱుందురో మాకు సందేహమే.

మన సంగీతమున ఈ చిక్కు ఈ రూపమున రాలేదు. వీణకు వైణికుని పేరు పెట్టి అమ్ము ఆచారము మనకు లేదు. బొబ్బిలి వీణ అనగా ఊరి పేరు. అచటి గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశపు వడ్రంగులు ఒకే పనస మ్రానునుండి తొలిచి చేసిన వాద్యము. ఏ విద్వాంసుడు వాయించినను అది బొబ్బిలి వీణయే. వాద్యము మారినప్పుడు మాత్రము వాదము మనకును తప్పలేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌గారు పదునైదేండ్లైనను నిండకముందే కర్ణాటక సంగీతసభలలో విద్యుత్ మాండలిన్ పట్టుకొని కూర్చుండిరి. కొట్టిన వెంటనే ధ్వని తెగిపోవు పొట్టి తీగల వాద్యమున గమకము పలుకునా అని పెద్దలు శంకించిరి. ఆయన జంట తీగలను ఒంటి తీగలుగా మార్చుకొని, విద్యుత్తు సాయమున నాదమును నిలుపుకొని, వారి ఎదుటనే గమకము పలికించిరి. 2014లో ఆయన అకాలముగా కన్నుమూయునాటికి, మాండలిన్ అనునది ఆయన ఇంటిపేరైపోయినది. వాద్యముపై విద్వాంసుని పేరు వ్రాయు దేశములకు ఇది విపరీతముగా తోచవచ్చును గాని, మాకు ఈ తీరే ముచ్చట గొలుపును.

మిల్లర్ విషయమున మా తీర్పు అడిగినచో, ఫెండర్‌ను విడిచెనా, సైర్‌ను పట్టెనా అనునది ముఖ్యము కాదు. తన పేరు వ్రాసిన వాద్యమును తాను వేదికపై వాయించుచున్నాడా, లేక ప్రకటన చిత్రములో మాత్రము పట్టుకొని, ప్రేక్షకుల ముందు వేఱొకటి వాయించుచున్నాడా అనునది ముఖ్యము. 2015 తరువాత ఆయన కచేరీలలో సైర్ వాద్యమును వాయించియున్నాడు. టిక్కెట్టు కొని వచ్చిన శ్రోతల యెదుట, తన పరువు పణముగా పెట్టి వాయించినాడు. పేరును నమ్మి కొనువానికి విద్వాంసుడు ఈయగల హామీ ఇంతకంటె వేఱు లేదు. పాత వాద్యమును దాచుకొన్నాడని దెప్పువారితో మేము ఏకీభవింపము. ముప్పదియేండ్ల తోడును దాచుకొనక ఏమి చేయును?

అయినను పేరు కొనువాని పక్షమున చేయవలసిన పని అంతయు చేయదు. మన నగరములలో కూడ ఇప్పుడు బేస్ గిటార్లు అమ్మకమునకున్నవి, బిడ్డను వెంటబెట్టుకొని పోవు తలిదండ్రులున్నారు. దుకాణములో మొదట మెడను కంటికెదురుగా పట్టుకొని, వంపు తిరిగినదేమో చూడవలెను. మెట్ల అంచులు చేతికి గీచుకొనుచున్నవేమో తడవవలెను. పిదప ఒక్కొక్క తీగను వట్టిగా ఒకసారి, పండ్రెండవ మెట్టుపై ఒకసారి మ్రోగింపవలెను. రెండవది మొదటిదానికి సరిగా పై స్థాయి షడ్జమువలె పలుకవలెను. కొంచెము హెచ్చుగానో తగ్గుగానో పలికినచో, తలపై ఎవరి పేరు వ్రాసియున్నను సరే, గుఱ్ఱమును సవరించి శ్రుతి కుదిర్చి ఇమ్మని అడుగవలెను. ఆ పనికి మంచి దుకాణమున పావుగంట కంటె ఎక్కువ పట్టదు.